లైపోసక్షన్ ఒకరికి కుదిరి ఇంకొకరికి కుదరదెందుకు? టేపు పట్టుకునే మనిషిగా నా జవాబు

"లైపోసక్షన్ చేయించుకున్నాక కొందరికి నడుము చక్కగా తీరుతుంది, కొందరికి ఖర్చు తప్ప ఏమీ కనబడదు. ఎందుకిలా? అంతా డాక్టర్ హస్తవాసేనా?" అని అడిగారు. నేను డాక్టర్ని కాదు. విజయనగరంలో గంటస్తంభం దగ్గర ఒక సందులో జాకెట్లు కుడతాను. అయితే చర్మం కింది కొవ్వుని గొట్టంతో లాగేసే ఈ ఆపరేషన్‌కి ముందూ తర్వాతా ఇద్దరు మనుషుల కొలతలు నా చేత్తో తీశాను కాబట్టి చెప్పే అర్హత ఉందనే అనుకుంటున్నాను. నా లెక్కలో ముప్పావు వంతు ఫలితం బల్ల ఎక్కకముందే తేలిపోతుంది. డాక్టర్ చేతిలో ఉండేది మిగతా పావలా.

ఆ ఇద్దరూ మా వదిన, ఆవిడ చెల్లెలు. వదినకి నలభై ఎనిమిదేళ్లు, రెండు సిజేరియన్లు, షుగర్ బోర్డర్‌లో ఉంది. చెల్లెలికి ముప్పై రెండు, ఒకటే కాన్పు. మనిషి సన్నమే గానీ నడుము పక్కలా తొడల్లోనూ ఎంత నడిచినా కరగని కొవ్వు. మాఘమాసంలో వదిన కూతురి పెళ్లి పెట్టుకున్నారు. ఈలోగా సన్నబడాలని ఎండాకాలంలోనే ఇద్దరూ విశాఖలో ఒక ప్లాస్టిక్ సర్జన్‌కి చూపించుకోవడానికి వెళ్తూ నన్ను తోడు తీసుకెళ్లారు.

ఆయన రేటు మాట ఎత్తలేదు. పక్కన నర్సుని ఉంచుకుని, ముందు చెల్లెల్ని నిలబెట్టి నడుము పక్కన వేళ్లతో పట్టి చూశారు. మెత్తటి మడత చేతినిండా వచ్చింది. వదిన పొట్ట పట్టబోతే పైచర్మం పల్చగా చిక్కిందంతే, దాని వెనక పొట్ట గట్టిగా బిగుసుకుని ఉంది. ఆవిణ్ణి వెల్లకిలా పడుకోబెట్టి, చేతులు ఊతం పెట్టకుండా తల పైకెత్తమన్నారు. బొడ్డు పైన నిలువునా ఒక ఉబ్బు లేచింది. ఆ ఉబ్బు మీద వేళ్లు ఆనించి, "కాన్పులకి ఇక్కడ కండరాలు విడిపోయాయమ్మా. వీటిని దగ్గరికి కుట్టాలంటే అది వేరే ఆపరేషన్. ఇక కొవ్వంటారా, నా వేళ్లకి చిక్కేదే నేను తీయగలను. మీకున్నది చాలావరకు లోపల, పేగుల చుట్టూ ఉంది. అక్కడికి గొట్టం పోకూడదు. చేసినా మీకు తృప్తి ఉండదు" అన్నారు.

తిరుగు ప్రయాణంలో కొత్తవలస వచ్చేదాకా వదిన నోరు విప్పలేదు. విప్పాక, "డబ్బులిత్తానంతుంటే వద్దంతాడేటమ్మీ ఈయన? పని రాదు కావాల!" అంది. నెల తిరక్కుండా ఫోన్‌లో ప్రకటన చూసి ఇంకో క్లినిక్‌లో చేరింది. అక్కడ పట్టి చూడ్డాలూ పడుకోబెట్టడాలూ ఏమీ లేవు, వెళ్లగానే ప్యాకేజీ కాగితం చేతిలో పెట్టారు. చెల్లెలు మాత్రం మొదటాయన దగ్గరే చేయించుకుంది.

ఆపరేషన్ అయ్యాక వదిన ఫోన్‌లో ఒక సీసా ఫొటో చూపించింది. పైన పసుప్పచ్చగా, అడుగున ఎర్రగా ఉంది. "నాలుగు లీటర్లు లాగేరు, మా చెల్లికి రెండే" అని గొప్పగా చెప్పింది. ఆ నాలుగు లీటర్లూ కొవ్వే అనుకుంది పాపం. కొవ్వు లాగేముందు సెలైన్‌లో మత్తు మందూ, రక్తనాళాలు ముడుచుకునే మందూ కలిపి చర్మం కిందికి బాగా ఎక్కిస్తారు. 1980ల్లో జెఫ్రీ క్లైన్ అనే అమెరికా చర్మ వైద్యుడు ఈ పద్ధతి తెచ్చాకే ఇందులో రక్తం పోవడం బాగా తగ్గిందట. సీసాలో ఆ నీళ్లూ ఉంటాయి, కాస్త రక్తమూ ఉంటుంది. అలాగని ఎంత పడితే అంత లాగేయడానికీ లేదు. 5 లీటర్లు దాటితే పెద్ద మొత్తం కింద లెక్క, రాత్రి ఆసుపత్రిలో ఉంచి కనిపెట్టుకుని ఉండాలి. కాబట్టి లీటర్ల పోటీ పెట్టుకోకండి.

చెల్లెలికి వాపు తగ్గేకొద్దీ నడుము లోపలికి వెళ్లి, పాత జాకెట్లన్నీ పక్కకుట్లు పట్టాల్సి వచ్చింది. వదినకి పైపొట్ట అలాగే ముందుకి ఉంది, కింద సిజేరియన్ గీత మీద చర్మం వేలాడింది. కొవ్వు తీశాక మిగిలిన చర్మం తనంతట తాను దగ్గరికి రావాలి. వయసులో ఉన్న చర్మం కొత్త ఎలాస్టిక్‌లా వెనక్కి లాక్కుంటుంది. కాన్పులకి సాగి, చారలు పడి, యాభైకి దగ్గరపడ్డ చర్మం అంతగా లాక్కోదు. దానికి సూదీ దారం పట్టుకున్నా నేనేం చేయగలను, కొవ్వు మాత్రమే లాగే ఏ సర్జనైనా ఏం చేయగలడు? పొగ తాగేవాళ్లకి ఇంకా కష్టం, గాయానికి రక్తం సరిగా అందదు. మా వైపు అడ్డచుట్ట (నిప్పున్న కొస నోట్లో పెట్టుకునే చుట్ట) తాగే ముసలమ్మలు ఎవరూ ఈ ఆపరేషన్‌కి వెళ్లరనుకోండి, అది వేరే విషయం.

షుగర్ కూడా తగ్గిపోతుందని వదిన ఆశపడింది. నర్సింగ్ చదివే మా అమ్మాయి వెతికి చూపించింది. 2004లో అమెరికాలో 15 మంది స్థూలకాయ స్త్రీలకి పొట్ట దగ్గర ఒక్కొక్కరికి దాదాపు 10 కిలోల కొవ్వు తీసి, 10 నుంచి 12 వారాల తర్వాత పరీక్షలు చేశారట. ఇన్సులిన్ పనితీరూ, బీపీ, కొలెస్ట్రాల్ ఏవీ మెరుగుపడలేదు. మరి మనవాళ్లకి ఈ లోపలి కొవ్వు గోల ఎక్కువ. అదే ఏడాది పుణె డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడ్డ ఫొటో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వేసుకున్నారు. ఇద్దరి బీఎమ్ఐ, అంటే ఎత్తుని బట్టి చూసే బరువు లెక్క, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం మనాయనకి 21.2 శాతం, ఆయనకి 9.1. అందుకే విదేశాల ముందూ వెనకా ఫొటోలు చూసి మన పొట్ట అలా అవుతుందనుకోవడం దండగ. ఆ ఫొటోలంటే నాకు మొదట్నుంచీ మంట. ముందు ఫొటోలో మనిషి ఊపిరి వదిలేసి వంగి నిలబడుతుంది, తర్వాతి ఫొటోలో పొట్ట బిగపట్టి హీల్స్ వేసుకుంటుంది. ట్రయల్ గదిలో అద్దం ముందు ఈ రెండు భంగిమలూ రోజూ చూస్తుంటాను.

ఆపరేషన్ తర్వాత వేసుకునే బిగుతు తొడుగు సంగతి ఎవరూ పట్టించుకోరు. దాన్ని వారాల తరబడి వేసుకోవాలి. మే నెల ఉక్కపోతలో వదిన సగం రోజులు విప్పేసి తిరిగేది. వేసుకున్నప్పుడు కూడా నడుము దగ్గర చుట్టుకుపోయి ఉండేది. నేను చూసేసరికి చుట్టుకున్న చోట చర్మం మీద గీత నొక్కుకుపోయింది. సరిగ్గా కుట్టని తొడుగు అది, సైజు కూడా తప్పు. ఇన్ని లక్షలు తీసుకునే క్లినిక్‌లు మనిషికి తగ్గట్టు ఒక గుడ్డ కుట్టించి ఇవ్వలేవా?

సిరిమాను పండక్కి చుట్టాలందరూ దిగారు. జనంలో నిలబడి అమ్మవారి సిరిమాను చూడ్డం మానేసి, "ఏటి, ఆపరేషనన్నావు, ఏం తగ్గలేదేటి?" అని వదిన్ని మొహం మీదే అడిగారు. ఆడదాని నడుము మీద ఊరందరికీ ఎందుకో అంత పట్టింపు! మా అన్నయ్య పొట్ట వదిన పొట్టకి రెండింతలుంటుంది, ఆయన్ని ఒక్కరూ అడగలేదు.

చెల్లెలిది మాత్రం అంతా సుఖాంతం అనుకోకండి. ఏడాది తిరిగేసరికి నడుము అలాగే ఉంది గానీ జాకెట్టు చేతులు బిగుతయ్యాయి, ఛాతీ కింద పట్టేస్తోంది. తిండి పాత పద్ధతిలోనే సాగింది మరి. 2011లో కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్లు రాసింది కూడా ఇలాంటిదే. ఏడాదిలో తీసినంత కొవ్వూ తిరిగి చేరింది, కాకపోతే తొడల్లోకి కాకుండా పొట్ట వైపు.

మీరు వెళ్లేటట్టయితే, పట్టి చూడకుండా, పడుకోబెట్టి తల ఎత్తమనకుండా రేటు చెప్పిన చోట అడ్వాన్స్ కట్టకండి. ఎంసీహెచ్ ప్లాస్టిక్ సర్జరీ చదివారో లేదో అడగండి, మొహమాటపడకండి. ఇంకో మాట, వాపు పూర్తిగా దిగడానికి నెలలు పడుతుంది, ఈలోపు ఖరీదైన జాకెట్లు కుట్టించుకోకండి. పెళ్లికి వదిన పట్టు జాకెట్టు ఎన్నిసార్లు విప్పి కుట్టానో నాకే గుర్తులేదు. ఆ కూలి ఆవిడ ఇంకా ఇవ్వలేదు, ఇంటి మనిషి కదాని నేనూ అడగలేదు.