చిట్టికి, జర్మనీ ప్రయాణం ముందు

చిట్టీ,

నీకు మాగ్డెబర్గ్‌లో సీటు వచ్చిందని, వీసా కూడా చేతికి అందిందని నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. చెబుతుంటేనే వాడి గొంతు పూడుకుపోయింది. మన ఇంటి ఆడపిల్ల ఒక్కతే అంత దూరం వెళ్లడం ఇదే మొదలు. ఫోన్ పెట్టేశాక నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. నీ చదువు గురించి నాకు బెంగ లేదమ్మా. బెంగంతా నీ చేతిలో ఉండే డబ్బు గురించే.

"బ్లాక్డ్ అకౌంటులో 11,904 యూరోలు వేసేశాం కదా అన్నయ్యా" అన్నాడు మీ నాన్న. వేశారు, మంచిదే. కానీ వీసా కోసం ముందే కట్టిన ఆ డబ్బు ఒకేసారి చేతికి రాదు, నెలకు 992 యూరోల చొప్పున వస్తుంది, అదీ అక్కడ నీ పేరున మామూలు ఖాతా తెరిచాకే. ఖాతాకి చాలా బ్యాంకులు చిరునామా నమోదు కాగితం అడుగుతాయి. మీ పిల్లలు ఆన్‌మెల్డుంగ్ అంటారే, అదే. దాని అపాయింట్‌మెంటుకే ఒక్కోసారి వారాలు పడుతుంది. అంతవరకు వెంట తీసుకెళ్లిన నోట్లు, కార్డులే నీకు దిక్కు. ఈ ఉత్తరం ఆ మొదటి నెల కోసమే.

మన కార్డుల్లో విదేశీ వాడకం మామూలుగా ఆపేసి ఉంటుంది. బ్యాంకు యాప్‌లో ఏటీఎంకి, షాపులకి విడివిడిగా ఆన్ చెయ్యి. ఓటీపీలు వచ్చేది ఇక్కడి నంబరుకే కాబట్టి ఆ సిమ్ తీసెయ్యకు, రోమింగ్ పెట్టించు. నోట్లు బ్యాంకులోనో, లైసెన్సున్న మనీ ఛేంజర్ దగ్గరో కొని రసీదు దాచుకో. ఎయిర్‌పోర్టు దాకా ఆగితే రేటు బాగుండదు. రూల్ ప్రకారం 3,000 డాలర్ల విలువైన నోట్లు తీసుకెళ్లొచ్చు, కానీ నీకు అంత వద్దు. 500 యూరోలు చాలు, అన్నీ పది, ఇరవై, యాభై నోట్లే అడుగు. చిన్న కొట్లలో వంద నోటు ఇస్తే చాలాసార్లు తీసుకోరు. కార్డు తీసుకోని బేకరీలు, హోటళ్లు అక్కడ ఇంకా ఉన్నాయి. స్టేషన్లో బాత్రూమ్‌కి కూడా చాలాచోట్ల డబ్బు కట్టాలి, యూరో నాణెం దగ్గర ఉంచుకో. సూపర్‌మార్కెట్లో సామాన్ల బండి తీసుకోవాలన్నా చాలాచోట్ల నాణెమే. మన ఫోన్‌పే అలవాటు ఇక్కడే వదిలేసి వెళ్లు.

ఇక అసలు సంగతి. మీ నాన్నకి కూడా నేను ఇంతవరకు చెప్పలేదు.

2011లో కంపెనీ నన్ను రెండు నెలల ట్రైనింగ్‌కి స్టుట్‌గార్ట్ పంపింది. ఖర్చులన్నిటికీ ముందే యూరోలు వేసి ఇచ్చిన ఫారెక్స్ కార్డు ఒక్కటే. వెంట తీసుకెళ్లిన నోట్లు గది అడ్వాన్సుకి, ట్రైన్ పాసుకి అయిపోయాయి. ఏప్రిల్ 21, గురువారం సాయంత్రం ఏటీఎంకి వెళ్లాను. ఇంటి దగ్గరి కార్డు పిన్ను, ఈ కార్డు పిన్ను నా బుర్రలో కలిసిపోయాయి. ఒకసారి తప్పు, రెండోసారి తప్పు. అక్కడే ఆగాల్సింది. వెనకాల ఇద్దరు నిలబడి ఉన్నారని కంగారుపడి మూడోసారి కూడా కొట్టాను. మెషీన్ కార్డు మింగేసింది.

మర్నాడు గుడ్ ఫ్రైడే. శనివారం బ్యాంకు తెరవలేదు. ఆదివారం ఈస్టర్, సోమవారం కూడా అక్కడ సెలవే. నా జేబులో పద్నాలుగు యూరోలు, కొంత చిల్లర. శనివారం ఒక్కరోజే కొట్లు తెరిచారు. బ్రెడ్డు, పాలు, అరటిపళ్లు కొనుక్కున్నాను. ఆదివారం ఇంటికి ఫోన్ చేస్తే నాన్నమ్మ "ఏం తిన్నావురా?" అంది. "పండగ కదమ్మా, మంచి భోజనం" అన్నాను. అమ్మతో ఆడిన ఆ అబద్ధం ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంటుంది.

మంగళవారం బ్యాంకుకి వెళ్తే, వేరే బ్యాంకు కార్డు కాబట్టి తిరిగి ఇవ్వలేమన్నారు. ఇంకేం చెయ్యాలో తెలియక బయట బెంచీ మీద కూర్చుండిపోయాను. మా పై అంతస్తులో ఉండే తమిళాయన ఆఫీసుకి వెళ్తూ నన్ను చూసి ఆగాడు. అంతా విని, నన్ను కోప్పడి, కొత్త కార్డు వచ్చేదాకా సరిపడా చేతిలో పెట్టాడు. నాలుగు రోజులూ ఆయన నా నెత్తి మీదే ఉన్నాడు చిట్టీ. ఇరవై మెట్లెక్కి తలుపు కొట్టడానికి నాకు సిగ్గేసింది. నువ్వూ నాలాగే, చిన్నప్పుడు జ్వరం వచ్చినా చెప్పేదానివి కాదు. నా భయం అదే. చేతిలో డబ్బు లేని రోజు వస్తే పక్క గదిలో ఎవరున్నా అడుగు. అర్ధరాత్రయినా నాకు ఫోన్ చెయ్యి. చెయ్యకుండా పస్తున్నావని తర్వాత తెలిస్తే మాత్రం ఊరుకోను.

రెండు వేర్వేరు బ్యాంకుల కార్డులు పెట్టుకో. ఒకటి పర్సులో, ఇంకొకటి గదిలో. నాన్నమ్మ కొంగున ముడి వేసేది కొంత, పోపుల డబ్బాలో కొంత, బియ్యం డ్రమ్ములో కొంత. ఎక్కడ పోయినా ఇంకోచోట ఉండేది. నువ్వూ అలాగే చెయ్యి. పిన్ రెండుసార్లు తప్పితే మూడోసారి కొట్టకు, కార్డు తీసుకుని పక్కకి వచ్చెయ్యి. డబ్బు బ్యాంకు లోపలుండే మెషీన్లోనే, పనిరోజు పగటిపూట తియ్యి. కార్డు చిక్కినా అడగడానికి మనిషి ఉంటాడు. మెషీన్ "రూపాయల్లోనా, యూరోల్లోనా" అని అడిగితే యూరోలే నొక్కు. రూపాయలు నొక్కితే వాళ్ల రేటుతో లెక్కగట్టి ఎక్కువ లాగేస్తారు. గది చూడకుండా, తాళం చేతికి రాకుండా ఎవరికీ అడ్వాన్సు పంపకు, తెలుగువాళ్లమని చెప్పినా సరే.

నోట్లు ఒంటి మీద దాచుకోవడానికి, నడుముకి కట్టుకునేలా మెత్తటి నూలు గుడ్డతో చిన్న సంచి కుట్టమని అమ్మకి చెప్పు. జిప్పు నేను తెస్తాను. ఆదివారం పొద్దున్నే బయల్దేరి తణుకు వస్తున్నా. కార్డులు, ఫోను దగ్గర పెట్టుకుని కూర్చో. అన్నీ ఆన్ చేశావో లేదో నా కళ్లతో చూసుకుంటే తప్ప నాకు నిద్ర పట్టదు.

ఆశీస్సులతో,
పెదనాన్న