స్వీకృతాలు నిజాలా, మనం ఒప్పుకున్న మాటలా?

"నిరూపణ లేకుండా ఒప్పుకున్న స్వీకృతాల మీద కట్టిన గణితంలో నిజం ఎక్కడుంది?" అని అడిగారు. ఒడిశాలోని పర్లాకిమిడిలో డిగ్రీ పిల్లలకు లెక్కలు చెబుతాను. ఏటా ఎవరో ఒకరు ఇదే అడుగుతారు. నాకు చాలా ఇష్టమైన ప్రశ్న.

ఏ వాక్యమైనా దేని గురించి అంటున్నామో తేలాకే నిజమో అబద్ధమో అవుతుంది. ఆ 'దేని'నే తర్కంలో మోడల్ అంటారు. మా వీధిలో ఒడియా ఆడవాళ్లు జ్యేష్ఠ అమావాస్యకి సావిత్రి వ్రతం చేస్తారు. అదే రోజు మా తెలుగు పంచాంగంలో వైశాఖ బహుళ అమావాస్య. వాళ్లకు నెల పౌర్ణమితో ముగుస్తుంది, మనకు అమావాస్యతో. అమావాస్య అన్నది ఇద్దరికీ నిజమే, నెల పేరు దగ్గరే తేడా. "ఇది జ్యేష్ఠ అమావాస్య" అన్న మాట వాళ్ల మోడల్‌లో నిజం, మన మోడల్‌లో కాదు.

గణితంలో దీనికి సరైన ఉదాహరణ గ్రూపు, అంటే రెంటిని కలిపితే అలాంటిదే మరొకటి రావడం, చేసినదాన్ని వెనక్కి తిప్పగలగడం లాంటి కొన్ని స్వీకృతాలను పాటించే వ్యవస్థ. పూర్ణాంకాల కూడిక గ్రూపు స్వీకృతాలన్నిటికీ లోబడుతుంది, అక్కడ వరస మార్చినా ఫలితం మారదు. ఇప్పుడు క, గ, చ అని మూడు చీటీలు పెట్టండి. ముందు మొదటి రెండు చోట్లవీ, తర్వాత చివరి రెండు చోట్లవీ మార్చుకోండి: గ, చ, క వస్తుంది. అదే పని తిరగేసి చేయండి: చ, క, గ. ఈ మార్పిళ్లూ గ్రూపే! అందుకే "వరసతో పనిలేదు" అన్నదాన్ని గ్రూపు స్వీకృతాల నుంచి నిరూపించలేం, కొట్టిపారేయనూ లేం. స్వీకృతాలను పాటించే మోడళ్లన్నిటిలోనూ నిజమైనదానికి మాత్రం నిరూపణ తప్పక ఉంటుంది. ఫస్ట్ ఆర్డర్ తర్కానికి ("అన్నీ", "ఏదో ఒకటి" అన్న మాటలను వస్తువుల గురించి మాత్రమే వాడే తర్కానికి) ఈ సంగతిని తర్కవేత్త గోడెల్ 1929లో చూపించాడు.

అసలు చిక్కు 0, 1, 2, 3 అనే మన సంఖ్యలతో. ఇక్కడ మనకు కావలసిన మోడల్ ఒక్కటే. కానీ పరస్పర విరుద్ధం కాని, యంత్రం కూడా గుర్తుపట్టగలిగే ఏ స్వీకృతాల జాబితా రాసినా, ఈ సంఖ్యల గురించిన ఏదో ఒక నిజం దానికి అందదని 1931లో ఆయనే తేల్చాడు.

అలా అందని నిజానికి ఉదాహరణగా గణితవేత్త గుడ్‌స్టీన్ సిద్ధాంతం చూడండి. సంఖ్యను 2 ఘాతాల మొత్తంగా రాయండి, ఆ ఘాతాంకాలను కూడా అలాగే (4 అంటే 2²). 2 ఉన్నచోటల్లా 3 పెట్టి ఒకటి తీసేయండి (2² కాస్తా 3³ అయి, 26 మిగులుతుంది). తర్వాత 3 బదులు 4 పెట్టి ఒకటి తీసేయండి, అలా సాగించండి. 3తో మొదలెడితే 3, 3, 3, 2, 1, 0. 4తో అయితే 4, 26, 41, 60, 83 అంటూ ఊహకందనంత పెరిగి, చివరికి 0కే చేరుతుంది. ఏ సంఖ్యతో మొదలెట్టినా అంతే. గుడ్‌స్టీన్ 1944లో సమితి సిద్ధాంత పద్ధతులతో నిరూపించాడు. మన సంఖ్యలకు మామూలుగా వాడే పియానో స్వీకృతాలు దీనికి చాలవని 1982లో గణితవేత్తలు కిర్బీ, పారిస్ చూపించారు.

"అయితే ఏదైనా స్వీకృతం చేసుకోవచ్చా?" అనీ అడిగారు. పియానో స్వీకృతాలకు "ఎక్కడో ఒక సంఖ్యతో మొదలెట్టిన గుడ్‌స్టీన్ వరస 0కి చేరదు" అన్న మాట జోడించినా వైరుధ్యం పుట్టదు, దానికీ ఒక మోడల్ ఉంటుంది. కానీ అది మన సంఖ్యల మోడల్ కాదు. మన 0, 1, 2, 3 విషయంలో ఆ మాట పచ్చి అబద్ధం.