వరి తీశాక తేలే ఉప్పు: నీళ్లు పెట్టి కడిగితే పోతుందా?

ప్రశ్న: మాది రేపల్లె దగ్గర, రెండెకరాల నల్లరేగడి. సార్వా వరి బాగానే వస్తోంది. దాని తర్వాత దున్నకుండా వేసే మొక్కజొన్న మాత్రం రెండేళ్లుగా మోకాలెత్తులోనే ఆకు అంచులు మాడి ఆగిపోతోంది. మార్చికల్లా నేల మీద తెల్లగా ఉప్పు తేలుతోంది. బోరు నీటి ఈసీ 2.5, మట్టి పీహెచ్ 7.9 అని రిపోర్టు ఇచ్చారు. ఎంత నీరు పెడితే ఎంత ఉప్పు దిగుతుందో కంప్యూటర్లో లెక్క కడతారని మా అబ్బాయి అంటున్నాడు. ఒకేసారి అడుగు నీళ్లు పెట్టి కడిగేయమంటారా? జిప్సం వేయాలా?

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజమే, అలాంటి లెక్క ఉంది. అయితే ఆ లెక్కకు కూర్చోగానే వచ్చే మొదటి ప్రశ్న, పెట్టిన నీళ్లు ఏ దారిన బయటికి పోతాయని. చేను పక్కన మురుగు బోదె ఉందో లేదో మీరు రాయలేదు. నాకు అన్నిటికంటే ముందు కావాల్సింది అదే.

ముందు బోరు సంగతి. ఈసీ అంటే నీరు కరెంటును ఎంత పారనిస్తుందన్న కొలత, ఉప్పు పెరిగితే అదీ పెరుగుతుంది. ఈసీ 2.5 అంటే లీటరు నీటిలో సుమారు 1.6 గ్రాముల ఉప్పు. చూడ్డానికి చిటికెడే. కానీ ఎకరంలో అంగుళం నీరు నిలబెడితే లక్షా మూడు వేల లీటర్లు, అంటే 160 కిలోలు దాటిన ఉప్పు. మొక్కజొన్నకు రెండేసి అంగుళాల చొప్పున ఐదు తడులిచ్చారనుకోండి, పదహారు క్వింటాళ్లు, 50 కిలోల బస్తాల్లో ముప్పై రెండు! మొక్క నీళ్లు తాగుతుంది, ఎండ నీళ్లు లాగేస్తుంది, ఉప్పు దాదాపు మొత్తం చేలోనే ఉండిపోతుంది. వేళ్ల దగ్గర ఈసీ 1.7 దాటితే మొక్కజొన్న దిగుబడి తగ్గడం మొదలవుతుంది, ఆపైన ఒక్కో పాయింటుకూ 12 శాతం చొప్పున పోతుంది. వరి 3 దాకా తట్టుకుంటుంది, పైగా సార్వాలో వానా, కాలువ నీరూ కలిసి ఉప్పును కిందికి తొక్కిపెడతాయి. అందుకే అదే చేలో వరి పండుతోంది, మొక్కజొన్న మాడుతోంది.

ఇక ఆ కంప్యూటర్ లెక్క. నేలను పలచటి పొరలుగా, ఒకదాని మీద ఒకటి పేర్చిన తొట్లలా అనుకోండి. ప్రతి తొట్టిలోకి పైనుంచి ఎంత నీరు వచ్చింది, వేరు ఎంత తాగింది, కిందికి ఎంత జారింది, ఎండాకాలంలో కింది నుంచి ఎంత పైకి పాకింది, ఆ నీటితో పాటు ఎంత ఉప్పు కదిలింది అని రోజుల తరబడి జమాఖర్చు రాస్తూ పోవడమే ఆ పని. దీనికి ఆధారం, నేలలో నీరు ఎలా కదులుతుందో చెబుతూ 1931లో రిచర్డ్స్ అనే శాస్త్రవేత్త రాసిన సమీకరణం. ఇప్పుడు హైడ్రస్-1డి అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. రోజులకు బదులు సీజన్ల వారీగా లెక్క వేసేది సాల్ట్‌మాడ్. దాన్ని మనకు దగ్గర్లోనే, నాగార్జునసాగర్ కుడి కాలువ కింద కోనంకిలో, భూమి లోపల మురుగు గొట్టాలు వేసిన పొలాల మీద పెట్టి చూశారు.

భూగర్భ నీరు మూడడుగుల్లోనే ఉన్న బరువు నేలకు ఈ లెక్క వేస్తే, జులైలో కిందికి దిగిన ఉప్పు ఫిబ్రవరి, మార్చికి మళ్లీ పైకి పాకుతుంది. దీపం వత్తి నూనె లాగినట్టు నేల ఆ ఉప్పు నీటిని పైకి లాగుతుంది. మీ చేలో జరుగుతున్నది ఇదేనని నాకు గట్టి అనుమానం. కాబట్టి పైసా ఖర్చు పెట్టే ముందు చేలో మట్టి తీసే ఆగర్‌తో ఆరడుగుల గుంత తీసి, చిల్లులు పెట్టిన రెండంగుళాల పీవీసీ పైపు దించండి. మర్నాడు కర్ర పెట్టి నీళ్లు ఎంత లోతులో ఉన్నాయో కొలవండి, తర్వాత వారానికోసారి రాసిపెట్టుకోండి. ఐదడుగుల లోపే ఉంటే ఎంత కడిగినా ఉప్పు తిరిగి వస్తుంది. ముందు బోదె పూడిక తీయాలి, అది కింది చేల వాళ్లందరూ కలిస్తేనే అయ్యే పని.

అడుగు నీళ్లు ఒకేసారి పెట్టొద్దు. అడుగు లోతు నేలలో ఉప్పు చాలావరకు దిగాలంటే అడుగు నీరు కావాలన్న లెక్క పుస్తకాల్లో ఉంది, నిజమే, కానీ మీది వేసవిలో చెయ్యి దూరేంత నెర్రెలిచ్చే నేల. నీళ్లు ఆ పగుళ్లలోంచి సర్రున దిగిపోతాయి. నీళ్లు పెట్టిన మర్నాడు ఒక పెద్ద బెడ్డ తీసి విరిచి చూడండి, పైన అరంగుళం తడి, లోపల పొడి, ఉప్పు అలాగే ఉంటుంది. పగుళ్ల సంగతి చెప్పకుండా వేస్తే కంప్యూటర్ కూడా ఇక్కడే పొరబడుతుంది. కాలువ వదలగానే బెడ్డలు చితికేలా దున్ని, మూడు నాలుగు అంగుళాలు పెట్టి రెండు మూడు రోజులు నాననిచ్చి పై నీటిని బోదెలోకి వదిలేయండి, మళ్లీ పెట్టండి, అలా మూడుసార్లు. దమ్ము చేయకముందే ఇదంతా అయిపోవాలి, దమ్ము పట్టాక నీరు కిందికి దిగదు.

జిప్సం ఇప్పుడే కొనకండి, అది మట్టికి పట్టిన సోడియాన్ని వదిలించడానికి వేసేది. పీహెచ్ 7.9 చూసి సోడియం లేదని చెప్పలేం, సముద్రం దగ్గర నేలల్లో ఉప్పు ఎక్కువున్నంతకాలం సోడియం దోషం బయటపడదు. మంచి నీటితో కడిగాక నేల బిగుసుకుపోయి నీరు ఇంకకపోతే అప్పుడు తెలుస్తుంది, అప్పటికి సీజన్ పోతుంది. మార్పిడి సోడియం శాతం, అంటే మట్టి రేణువులకు పట్టిన సోడియం వాటా, పరీక్ష చేయించండి, 15 దాటితే కడగడానికి ముందే జిప్సం వేయాలి, ఎకరానికి ఎంతన్నది ఆ రిపోర్టును బట్టి చెబుతాను. రిపోర్టులో మట్టి ఈసీ కూడా ఉంటుంది, అది ఒక వంతు మట్టికి రెండున్నర వంతుల నీరు కలిపి తీసిందైతే, పైన నేను చెప్పిన 1.7, 3 అంకెలతో నేరుగా పోల్చొద్దు, వేళ్ల దగ్గర అసలు ఈసీ దానికి రెండు మూడు రెట్లు ఉంటుంది.

ఈ ఏడు ఆ బోరు నీటితో మొక్కజొన్న మాత్రం వద్దు. వరి కోతయ్యాక గడ్డిని చేలోనే పరిచి ఉంచండి, ఎండ నేరుగా తగలకపోతే ఉప్పు తేలడం తగ్గుతుంది. వేసవి చివర్లో తడి దొరికితే పచ్చిరొట్ట ఎరువుగా జీలుగ చల్లి దమ్ములో కలియదున్నండి.

పైపులో నాలుగు వారాల కొలతలు, అర అడుగు, అడుగున్నర, మూడడుగుల లోతుల్లో తీసిన మట్టి ఫలితాలు పంపండి. అవి ఉంటే మీ చేనికే లెక్క వేసి, ఎన్ని తడుల్లో ఎంత ఉప్పు దిగుతుందో రాస్తాను.