బేస్ గిటార్‌కు ప్రీయాంప్, పవర్ యాంప్ విడిగా కొనాలా? రెండూ కలిసిన హెడ్ కొనాలా?

నెల్లూరులో ఉంటానని, ఆదివారాలు చర్చిలో, పెళ్లిళ్ల కాలంలో ఆర్కెస్ట్రాతో బేస్ వాయిస్తానని, చేతిలో ఉన్న డబ్బుతో ఈ రెండింటిలో ఏది కొంటే మేలని అడిగారు. గిటార్ నుంచి వచ్చే సన్నని గొంతును దిద్ది పెంచేది ప్రీయాంప్, దానికి స్పీకరు మోగేంత బలమిచ్చేది పవర్ యాంప్, రెండూ ఒకే పెట్టెలో ఉంటే హెడ్. విడిగా కొనండి. ఇంకా తేల్చి చెప్పమంటే ముందు ప్రీయాంప్ ఒక్కటే కొనండి, పవర్ యాంప్ సంగతి వచ్చే సంవత్సరం చూసుకోవచ్చు. నాకంటే ముందు జవాబు రాసిన పెద్దమనిషి హెడ్డే మేలు, తేలిక, చంకలో పెట్టుకుని పోవచ్చు అన్నారు. ఆయన ఏసీ హాళ్లలో వాయించే మనిషి అయి ఉండాలి. నేను ఒంగోలు, కందుకూరు, కావలి, పొదిలి చుట్టుపక్కల పందిళ్లలో వాయించే మనిషిని. ఇక్కడ కరెంటు కూడా మనతో పాటు వాయిస్తుంది, తాళం మాత్రం దాని ఇష్టం.

2017 డిసెంబరులో టంగుటూరు నుంచి కొండపి వెళ్లే దారిలో ఒక పల్లెలో క్రిస్మస్ కార్యక్రమం ఒప్పుకున్నాను. మా జిల్లాలో చర్చి లేని పల్లె అరుదు. 1878లో మిషనరీ క్లౌ దొర కాలంలో గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న నేల ఇది. చర్చి ఉంటే పాట ఉంటుంది, పాట ఉంటే ఊళ్లోనే ఒక కీబోర్డు, ఒక ప్యాడు దొరుకుతాయి. బేస్ గిటార్ మాత్రం ఒంగోలు నుంచి రావాలి. అంటే నేను రావాలి.

అప్పుడు నా దగ్గర ఉన్నది క్లాస్-డి అనే తేలిక రకం హెడ్. 500 వాట్లు, బరువు మూడు కిలోలు కూడా లేదు. చెన్నైలో ఒకాయన అమ్ముతుంటే సెకండ్ హ్యాండులో కొని, పినాకినీ ఎక్స్‌ప్రెస్‌లో కిటికీ పక్క సీటు దానికిచ్చి తెచ్చుకున్నాను. దానికి మా ఆవిడ కుట్టిన నీలం గుడ్డ సంచి ఒకటి. స్పీకరు బాక్సు మాత్రం పదిహేను అంగుళాలది, ఆటోలో వెనక్కి తిరిగి కూర్చుని దాన్ని కౌగిలించుకుని పోవాలి.

స్టేజీ మీద రెండు ప్లగ్గు బోర్డులున్నాయి. ఒకటి మైకు సెట్టు వాళ్ల జనరేటరుది. రెండోది ఊరి లైన్ కరెంటుది, పందిరి లైట్లూ నక్షత్రాలూ అన్నీ దాని మీదే. జనరేటరు బోర్డులో ఖాళీ ఒక్కటే మిగిలింది. కీబోర్డు వాయించే తమ్ముడు నాకంటే ముందు వచ్చి అందులో పెట్టేసుకున్నాడు. నేను లైన్ కరెంటులో పెట్టుకున్నాను. 230 వోల్టులు ఎక్కడైనా 230 వోల్టులే కదా అనుకున్నాను.

సండే స్కూలు పిల్లల నృత్యం అయింది. మా మొదటి పాటలో రెండో చరణం నడుస్తోంది. ఉన్నట్టుండి కుడివైపు ట్యూబులైట్లు మసకబారి గుడ్డిగా కొట్టుకోవడం మొదలుపెట్టాయి. ఎడమవైపు బల్బులు మాత్రం పట్టపగలులా వెలిగాయి. పందిరి మధ్యలో వేలాడదీసిన పెద్ద నక్షత్రం ఎంత తెల్లగా మెరిసిందంటే, ముందు వరసలో కూర్చున్న పిల్లలు చప్పట్లు కొట్టారు. అది కార్యక్రమంలో భాగమనుకున్నారు పాపం. ఒక పెద్దావిడ చేతులెత్తి స్తోత్రం అంది. నాకు మాత్రం కాలు పక్కన టప్పుమని చిన్న చప్పుడు వినిపించింది. తరువాత కాలిన చేపల వాసన. హెడ్ మీద నీలం దీపం ఆరిపోయింది.

బయట స్తంభం దగ్గర న్యూట్రల్ వైరు వదులై ఊడింది. మూడు ఫేజుల లైను మీద న్యూట్రల్ పోతే ఏ ఫేజు మీద ఎంత లోడు ఉందో దాన్ని బట్టి వోల్టేజి పంచుకుంటుంది. లైట్లు ఎక్కువ తగిలించిన ఫేజు నీరసపడుతుంది, తక్కువ ఉన్న ఫేజులో వోల్టేజి 300 దాటి 400 దిశగా ఎక్కుతుంది. నా హెడ్ ఆ తక్కువ ఉన్న వైపు ఉంది. నా జాతకం ఎప్పుడూ అటువైపే ఉంటుంది.

అసలు పాఠం తరువాతి పది నిమిషాలలో నేర్చుకున్నాను. మైకు సెట్టు అన్న మంచివాడు. పరుగున వచ్చి, "అన్నా, నా దగ్గర ఒక యాంప్లిఫయర్ ఖాళీగా ఉంది, నీ బాక్సుకు కలిపేస్తాను, కంగారు పడకు" అన్నాడు. అగ్గిపెట్టె తీసి వైరు చివర తొడుగు కాల్చి, పంటితో లాగి, రాగి తీగలు మెలిపెట్టి యాంప్లిఫయర్ వెనక బిగించాడు. బ్రహ్మాండంగా చేశాడు. ఒక్కో ఛానలు 600 వాట్లు. గిటార్ వైరు తిన్నగా దానికే గుచ్చి తీగ మీటాను. దోమ పాడినట్టు వచ్చింది. వాల్యూం పూర్తిగా తిప్పినా అంతే, దోమ కాస్త దగ్గరికి వచ్చినట్టు.

బ్యాటరీ లేని మామూలు బేస్ గిటార్ పికప్ నుంచి వచ్చేది వోల్టులో పదో వంతో, అయిదో వంతో. గట్టిగా చరిస్తే ఇంకాస్త. పవర్ యాంప్ పూర్తి బలంతో మోగాలంటే దాని గుమ్మం దగ్గరికి ఇంచుమించు ఒక వోల్టు రావాలి. పైగా పికప్‌కు ఎదురుగా పది లక్షల ఓముల నిరోధం ఉంటేనే దాని గొంతు గొంతులా ఉంటుంది. పవర్ యాంప్ లోపలికి వెళ్లే దారిలో ఉండేది పది, ఇరవై వేల ఓములు. గిటార్ గొంతు అక్కడే నొక్కుకుపోతుంది. ఆ లోటు తీర్చేదే ప్రీయాంప్. ఆ రాత్రి ఆ పందిట్లో పవర్ యాంపులు అయిదున్నాయి, ప్రీయాంప్ ఒక్కటీ లేదు. ఉన్న ఒక్కటీ నా హెడ్‌లో, కాలిపోయిన సప్లయి (లోపలి భాగాలకు కరెంటు అందించేది) పక్కన, నిక్షేపంగా చచ్చి కూర్చుంది. మిక్సరులో పెడదామంటే 16 ఛానళ్లూ పిల్లల మైకులతో నిండిపోయాయి. ఒకటి పీకుదామంటే ఆ పిల్ల తండ్రి ఎదురుగా కూర్చుని ఫోనులో వీడియో తీస్తున్నాడు.

చివరికి కీబోర్డు తమ్ముడు ఎడమ చేత్తో బేస్ వాయించాడు. నేను మెడలో గిటార్ వేసుకుని, వైరు జేబులో దోపుకుని, తాళానికి తల ఊపుతూ గంటన్నర నిలబడ్డాను. అయిపోయాక సంఘ పెద్ద ఒకాయన వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని, "బాబూ, ప్రతి ఏడూ వస్తావు గానీ ఈసారి బేస్ చాలా స్పష్టంగా వినబడింది" అన్నారు. కానుక కవరు తీసుకున్నాను. ఏం చేయను మరి, ఆటో కిరాయి ఉంది.

అప్పటినుంచి నా లెక్క ఇది. మా వైపు ఏ ఊరికి వెళ్లినా పవర్ యాంప్ ఉంటుంది. మైకు సెట్టు వాళ్ల ర్యాకులలో అవి మేడలు మేడలుగా ఉంటాయి. చిన్న ఊళ్లలో గుడికో మసీదుకో అహూజా యాంప్లిఫయర్ అయినా ఉంటుంది. బేస్ ప్రీయాంప్ మాత్రం మీరు తీసుకెళితేనే ఉంటుంది. కాబట్టి గొంతు మీది ఉండాలి, బలం ఆ ఊరిది వాడుకోవచ్చు. డీఐ ఔట్‌పుట్ (మిక్సరుకు తిన్నగా ఇచ్చుకునే రంధ్రం) ఉన్న పెడల్ ప్రీయాంప్, అంటే కాలి దగ్గర పెట్టుకునే చిన్న పెట్టె అయితే చాలు. ఒక వైరు మిక్సరుకు, ఒక వైరు పవర్ యాంప్‌కు. మిక్సరులో ఒక ఛానలు ఖాళీ ఉంచమని ముందు రోజే ఫోను చేసి చెప్పండి. బ్యాటరీతో నడిచేదైతే ఇంకా మంచిది, న్యూట్రల్ ఊడినా పాట ఆగదు.

రిపేరు సంగతి కూడా చెప్పాలి. కాలిన హెడ్‌ను ఒంగోలులో నాకు తెలిసిన మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్లాను. ముప్పై ఏళ్లుగా యాంప్లిఫయర్లు బాగుచేస్తున్న చెయ్యి. మూత విప్పి, భూతద్దం పెట్టి చూసి, మళ్లీ మూత పెట్టేసి టీ తెప్పించాడు. టీ తెప్పించాడంటే పని కాదని అర్థం. బోర్డు మీద ఉన్నవన్నీ ఆవగింజలంత భాగాలు, బోర్డు మొత్తం మార్చాలి, ఆ బోర్డు ఇక్కడ దొరకదు. అదే పాతకాలపు ట్రాన్సిస్టరు పవర్ యాంప్ అయితే సి5200, ఎ1943 ట్రాన్సిస్టర్ల జతలు ఆయన డబ్బాలలో బఠాణీల్లా ఉంటాయి. సాయంత్రానికి చేతికిస్తాడు. తేలిక అనే మాటకు ఉన్న అసలు ధర ఇది, అమ్మేవాళ్లు చెప్పరు.

యూట్యూబు చూసి 1969 నాటి ఆంపెగ్ ఎస్‌విటి లాంటి వాల్వు (గాజు గొట్టాల) హెడ్ కావాలనే పిల్లలున్నారు. 300 వాట్లు, పద్నాలుగు వాల్వులు, హెడ్ ఒక్కటే ముప్పై అయిదు కిలోల పైమాట. గొప్ప వస్తువే, కాదనను. కానీ దాన్ని పల్లెవెలుగు బస్సు ఎక్కించాక కండక్టరుతో మీరు మాట్లాడండి, నేను మాట్లాడను. ఇంకో ముఠా ఉంది, కలిసిన ప్రతివాడినీ "అన్నా, ఎన్ని వాట్లు?" అని అడిగేవాళ్లు. వాట్లు రెండింతలు చేస్తే పెరిగేది మూడు డెసిబెల్స్, చెవికి కాస్త తేడా తెలుస్తుందంతే. మన లావు తీగ వట్టిగా మీటితే 41 హెర్ట్జ్. దాన్ని గాలిలోకి నెట్టాల్సింది స్పీకరు బాక్సు. చిన్న బాక్సు పెట్టి వెయ్యి వాట్లు పోస్తే, చెంబులో చెరువు పట్టించబోయినట్టే.

విడిగా కొంటే తలనొప్పులు లేవని అనను. మొదటి నెలలోనే కావలిలో ఒక పెళ్లిలో నా ప్రీయాంప్‌ను స్టేజీ బోర్డులో, పవర్ యాంప్‌ను జనరేటరు బోర్డులో పెట్టాను. వధువు మండపంలోకి వచ్చేదాకా తుమ్మెదల గుంపు వచ్చి కూర్చున్నట్టు ఒకటే మోత. రెండు ఎర్తులు రెండు చోట్ల ఉంటే వైరు గుండా ఆ మోత వస్తుంది. రెండూ ఒకే బోర్డులో పెడితే పోయింది. అలాంటప్పుడు ప్లగ్గులో ఎర్తు పిన్ను విరిచేసే పెద్దమనుషులున్నారు. వాళ్ల మాట వినకండి. మోత పోతుంది, ఆ తరువాత తడి స్టేజీ మీద మైకుకు పెదవి తగిలినప్పుడు మనిషి కూడా పోవచ్చు. అలాగే పవర్ యాంప్‌ను బ్రిడ్జిలో, అంటే రెండు ఛానళ్లూ ఒకటిగా చేసి ఒకే బాక్సుకు కలిపేటప్పుడు వెనక రాసింది చదవండి. 4 ఓముల బాక్సు తగిలిస్తే ఒక్కో ఛానలుకు 2 ఓములే కనబడతాయి, చాలా యాంపులు అది తట్టుకోలేవు.

నా మాట వినకుండా హెడ్డే కొంటానంటే, వెనకవైపు సెండ్ (ప్రీయాంప్ నుంచి బయటికి), రిటర్న్ (పవర్ యాంప్ లోపలికి) రంధ్రాలున్నది చూసుకోండి. పవర్ భాగం మాత్రమే పోతే, సెండ్ నుంచి వైరు తీసి మైకు సెట్టు యాంప్‌కు ఇచ్చుకోవచ్చు. సప్లయే పోతే అదీ లేదు, నాలాగా నిలబడాలి. మీ చర్చిలో సొంత గది, తాళం, మంచి వైరింగు ఉండి, హెడ్ అక్కడి నుంచి కదలదంటే కొనుక్కోండి, నాకేం అభ్యంతరం లేదు. పందిళ్లకు తిరిగేవాడికి మాత్రం వద్దు.

కాలిన హెడ్ ఇప్పటికీ బీరువా మీద ఉంది. పారేయడానికి మనసొప్పలేదు. ఆ నీలం సంచిలో ఇప్పుడు ప్రీయాంప్, రెండు బ్యాటరీలు, మూడు వైర్లు, ఒక టెస్టరు పెట్టుకుని తిరుగుతున్నాను. పందిట్లోకి వెళ్లగానే ముందు టెస్టరు తీస్తాను, గిటార్ ఆ తరువాత.