రేడియస్ సర్వరు పలకకపోతే స్విచ్ ఏం చేయాలో ముందే రాసుకోండి

మీ కళాశాలలో 60 నెట్‌వర్క్ స్విచ్‌లు (కంప్యూటర్ల కేబుళ్లు వచ్చి చేరే పెట్టెలు) ఉన్నాయనీ, పాలసీ ఆధారిత నిర్వహణకు మారితే ఒక్కోదాన్ని విడిగా సరిచేసే బాధ తప్పుతుందా అనీ అడిగారు. తప్పుతుందండీ. ఆ స్థానంలో ఇంకో బాధ వచ్చి కూర్చుంటుంది.

విజయనగరం దగ్గర ఒక ఇంజినీరింగ్ కళాశాలలో కొన్నేళ్లు నెట్‌వర్క్ చూశాను. మొదట్లో మాదీ మీ పరిస్థితే. ఒక మేడమ్ గది మారితే, కొత్త గదిలోని పోర్టును (కేబుల్ గుచ్చే చోటును) ఆవిడ వీల్యాన్‌లోకి, అంటే నెట్‌వర్క్‌లో ఆవిడకు విడదీసిన భాగంలోకి మార్చడానికి మా వాళ్లలో ఒకరు కదలాల్సిందే. పాలసీ పద్ధతిలో నిబంధన పోర్టుకు కాక మనిషికి రాస్తాం: అధ్యాపకులు ఎక్కడ కూర్చున్నా వాళ్ల వీల్యాన్ వాళ్లకే, విద్యార్థులకు పరీక్షల విభాగం సర్వరు కనిపించకూడదు. వచ్చినవారెవరో స్విచ్ 802.1ఎక్స్ (పోర్టు దగ్గరే గుర్తింపు అడిగే పద్ధతి) ద్వారా కనుక్కుని రేడియస్ సర్వరును (గుర్తింపు సరిచూసి ఎవరిని ఎక్కడికి రానివ్వాలో చెప్పే సర్వరును) అడుగుతుంది. సర్వరు చెప్పిన వీల్యాన్‌లో వేస్తుంది. నిర్ణయించేది ఒకరు, అమలు చేసేది ఇంకొకరు. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్ 2000లో వెలువరించిన ఆర్‌ఎఫ్‌సీ 2753 అనే పత్రంలో ఉన్న విభజన ఇదే. ఆ ఇద్దరి మధ్య మాటలు నడపడానికి ఆ రోజుల్లోనే వచ్చిన కాప్స్ ప్రోటోకాల్‌ను మాత్రం మా బోటి చోట్ల ఎవరూ వాడగా నేను చూడలేదు.

ఇక ఆ రెండో బాధ. ఒక ఏడాది సిరిమానోత్సవం నాడు నేను గంటస్తంభం దగ్గర జనంలో ఉన్నాను. హాస్టల్ నుంచి ఫోను: ఒక గదిలో నెట్ పోయింది, కాసేపటికి పక్క గదిలో, ఆ తర్వాత పై అంతస్తులో. అంటువ్యాధిలా పాకుతోంది కదా, వైరస్ అనుకుని అరగంట పాడుచేసుకున్నాను. తీరా చూస్తే సర్వర్ గదిలో యూపీఎస్ చచ్చిపోయింది. స్విచ్‌లు ప్రతి 3600 సెకన్లకు ఒకసారి మళ్లీ గుర్తింపు అడిగేలా మేమే పెట్టాం. జవాబు చెప్పే సర్వరు లేక, ఎవరి గంట నిండితే వాళ్ల పోర్టు మూసుకుపోయింది. రేడియస్ సర్వర్లు రెండు ఉండేవి లెండి, రెండూ అదే యూపీఎస్ మీద!

ఆ తర్వాత రెండో సర్వరును వేరే భవనానికి మార్చాం. సర్వరు అందకపోతే పాతవారు కొనసాగాలి, కొత్తగా వచ్చినవారికి ఇంటర్నెట్ ఒక్కటే ఇవ్వాలి, పరీక్షల విభాగంలో మాత్రం పూర్తిగా మూసేయాలి అని రాసుకున్నాం. ఎక్కడ తెరవాలో ఎక్కడ మూయాలో మీరు తేల్చకండి, ప్రిన్సిపాల్ గారి సంతకం తీసుకోండి. రెండు నిబంధనలు తగువు పడితే ఏది నెగ్గాలో కూడా అదే కాగితం మీద ఉండాలి. పరీక్ష జరుగుతున్న ల్యాబ్‌లో అధ్యాపకుడు లాగిన్ అయితే మా దగ్గర ల్యాబ్ మీది నిషేధానిదే పైచేయి, అధ్యాపకుల నిబంధనది కాదు.

పాత ప్రింటర్లకు 802.1ఎక్స్ రాదు. మ్యాక్ చిరునామాతో (పరికరానికి ఉండే గుర్తింపు సంఖ్యతో) రానివ్వండి గానీ, దాన్ని ఎవరైనా నకలు చేయగలరు కాబట్టి వాటిని విడి వీల్యాన్‌లో పడేయండి. మొదటి రెండు వారాలు ఎవరినీ ఆపకుండా లాగ్‌లు మాత్రమే చూడండి. మేము గ్రంథాలయంతో మొదలుపెట్టాం, అక్కడ తప్పు జరిగినా తిట్లు తక్కువ.