వేదిక మీది వేషధారణ: మీ ప్రశ్నలు, మా జవాబులు

సంగీత బృందాల్లోని మగవారి దుస్తుల గురించి వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటిని ఈసారి తీసుకున్నాం.

ప్రశ్న: ఇంగ్లండు రాక్ సంగీత బృందం బీటిల్స్ మొదట తోలు జాకెట్లలో ఉండేదనీ, మేనేజరు మాట మీద సూట్లలోకి మారిందనీ చదివాను. అలాగైతే లోకమంతా అనుకరించిన ఆ రూపం వారి సొంతం కాదనుకోవాలా? (ఒక పాఠకుడు, తెనాలి)

జవాబు: సూట్లు వేయించింది మేనేజరు బ్రయన్ ఎప్‌స్టైన్ అన్న మాట నిజమే. 1961 నవంబరులో లివర్‌పూల్‌లోని కేవర్న్ క్లబ్బులో ఆయన వారిని మొదటిసారి చూసినప్పుడు వారి ఒంటి మీద ఉన్నవి నల్లటి తోలు జాకెట్లు. పాటకూ పాటకూ మధ్య వేదిక మీదే సిగరెట్లు కాల్చడం, ఏదో ఒకటి తినడం, ముందు వరుసల వారితో కబుర్లాడటం అప్పట్లో వారికి మామూలే. జర్మనీలోని హాంబర్గ్ క్లబ్బుల్లో రాత్రంతా గంటల తరబడి వాయించి వచ్చిన కుర్రవాళ్లకు ఆ వేషం సహజంగానే అబ్బింది. అయితే ఆ వేషంతో పెద్ద థియేటర్లలోకీ టెలివిజన్‌లోకీ ప్రవేశం దొరకదని ఎప్‌స్టైన్ గ్రహించాడు. 1962 మొదట్లో వారిని నది అవతల బర్కెన్‌హెడ్‌లో ఉన్న బెనో డోర్న్ అనే దర్జీ దగ్గరికి పంపి మోహేర్ (ఒక రకం మేక ఉన్ని) సూట్లు కుట్టించాడు. పాట ముగిశాక అందరూ కలిసి ఒకేసారి నడుము వంచి అభివాదం చేసే పద్ధతి కూడా ఆయన పెట్టిందే.

కానీ లోకం అనుకరించింది సూటు ఒక్కదాన్నే కాదు, జుట్టును కూడా. నుదుటి మీదికి దువ్విన ఆ జుట్టుకు మేనేజరుతో ఏ సంబంధమూ లేదు. హాంబర్గ్‌లో వారికి స్నేహితురాలైన ఫొటోగ్రాఫర్ ఆస్ట్రిడ్ కిర్షెర్ అప్పటి వారి బాస్ గిటారిస్టు స్టువర్ట్ సట్‌క్లిఫ్ జుట్టును ఆ తీరులో మార్చింది. ఆ తరువాత 1961 అక్టోబరులో జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీ పారిస్ వెళ్లినప్పుడు, అదే హాంబర్గ్ స్నేహ బృందంలోని యుర్గెన్ ఫోల్మర్ చేత అలాగే కత్తిరించుకున్నారు. 1963 నాటి కాలర్ లేని బూడిద రంగు కోట్లకు కూడా మూలం ఫ్రాన్సు డిజైనరు పియర్ కార్డాన్ తీరులోనే ఉంది. దాన్ని లండన్ దర్జీ డగీ మిల్లింగ్స్ వారి కొలతలకు కుదిర్చాడు. ఆ కోటును కొంచెం పరిశీలనగా చూడండి: మెడ గుండ్రంగా, అంచు వెంట నల్లటి పట్టీ, భుజాలు ఒంటికి అతుక్కున్నట్టు, దాని కింద సన్నటి ప్యాంటు, మడమ ఎత్తుగా ఉన్న బూట్లు. ఆ బూట్లు నాటకాల వారికి పాదరక్షలు చేసే అనెల్లో అండ్ డేవిడ్ దుకాణానివి. కాలర్ తీసేయడం వల్ల చూపు సూటిగా ముఖం మీదికీ జుట్టు మీదికీ పోతుంది. 1964 ఫిబ్రవరి 9న అమెరికా టెలివిజన్‌లో దాదాపు 7 కోట్ల 30 లక్షల మంది వారిని చూసినప్పుడు, పేర్లు ఇంకా తెలియని వారికి సైతం ఈ నలుగురూ ఒకే బృందమని చూడగానే తెలిసిందంటే, ఒకే తీరుగా ఉన్న సూట్లకూ జుట్టుకూ అందులో పెద్ద వాటా ఉంది.

కాబట్టి సూటు మేనేజరుదే అయినా, రూపం వారిదే అని నా అభిప్రాయం. 1967లో సార్జెంట్ పెప్పర్ ఆల్బమ్ కోసం బెర్మన్స్ అనే నాటక దుస్తుల సంస్థ చేత మిలమిలలాడే శాటిన్‌లో పాతకాలపు మిలిటరీ బ్యాండు దుస్తులు కుట్టించుకున్నప్పుడు, తీరు ఒకటే ఉంచి రంగు మాత్రం ఎవరికి వారు వేరుగా ఎంచుకున్నారు. ఒక బృందం దుస్తుల్లో కలిసికట్టుతనమూ విడివిడి వ్యక్తిత్వమూ ఒకేసారి కనిపించిన ఉదాహరణ నాకు ఇంతకు మించింది తెలియదు. 1969 నాటి ఏబీ రోడ్ ఆల్బమ్ ముఖచిత్రంలోనైతే ముగ్గురు లండన్ దర్జీ టామీ నటర్ కుట్టిన సూట్లలో, జార్జ్ హారిసన్ ఒక్కడూ డెనిమ్‌లో కనిపిస్తారు. అప్పటికి వారి దారులు కూడా విడిపోతూనే ఉన్నాయి.

ప్రశ్న: అమెరికా గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ చివరి సంవత్సరాల్లో రాళ్లు పొదిగిన తెల్లటి దుస్తులు వేసుకునేవాడు. అంత ఆడంబరం పాటకు అడ్డం కాదా? (ఒక పాఠకురాలు, వరంగల్)

జవాబు: రాళ్లను పక్కన పెట్టి ముందు కుట్టును చూడండి. పైనుంచి కింది దాకా ఒకే వస్త్రంగా ఉండే ఆ జంప్‌సూట్‌ను రూపొందించినవాడు బిల్ బెల్యూ. 1968 నాటి టెలివిజన్ కార్యక్రమానికి నల్ల తోలు దుస్తులు తయారు చేసింది కూడా ఆయనే. ఎల్విస్‌కు కరాటే అంటే ప్రాణం. వేదిక మీద కాళ్లు చాచి, ఒక మోకాలి మీద వంగి, చేతులు విసిరి పాడేవాడు. చొక్కా, ప్యాంటు విడిగా ఉంటే అలాంటి కదలికలో చొక్కా పైకి లేచిపోతుంది. ఒకే వస్త్రమైతే ఆ బెడద లేదు. లాస్ వేగాస్ హాలులో దూరంగా కూర్చున్న వారికి గాయకుడి ముఖం కనబడేలా దాని కాలరు ఎత్తుగా లేచి ముఖానికి చట్రం కడుతుంది. 1973 జనవరి 14న హవాయి నుంచి ఉపగ్రహం ద్వారా ప్రసారమైన కచేరీలో వేసుకున్న సూటు మీద రాళ్లతో అమెరికా చిహ్నమైన గద్దను కుట్టారు. ఏ దేశం నుంచి చూస్తున్న వారికైనా గాయకుడు ఎక్కడివాడో అర్థం కావాలన్నది దాని ఉద్దేశం.

ఆయన యవ్వనంలో వేసుకున్న గులాబీ, నలుపు రంగుల బట్టలు మెంఫిస్‌లో బీల్ వీధిలోని లాన్‌స్కీ బ్రదర్స్ దుకాణం నుంచి వచ్చినవి. ఆ వీధి నల్లజాతి సంగీతకారులది, ఆ దుకాణంలో కొనేవారిలోనూ ఎక్కువ మంది వారే. ఎల్విస్ వేషధారణ గురించి రాసేటప్పుడు ఈ మాట తప్పనిసరిగా చెప్పాలి.

ప్రశ్న: కర్ట్ కోబేన్ వేసుకున్న పాత స్వెట్టరు లక్షల డాలర్లకు వేలంలో పోయిందట. ఏ శ్రద్ధా లేకుండా తగిలించుకున్నది ఫ్యాషన్ ఎలా అవుతుంది? (ఒక పాఠకుడు, బెంగుళూరు)

జవాబు: కోబేన్ గాయకుడిగా ఉన్న అమెరికా రాక్ బృందం నిర్వాణ 1993 నవంబరు 18న న్యూయార్క్‌లో ఇచ్చిన కచేరీలో ఆయన తొడుక్కున్న స్వెట్టరు అది, 2019లో 3,34,000 డాలర్లకు అమ్ముడైంది. వాషింగ్టన్ రాష్ట్రంలో చలీ వానా ఎక్కువ, కోబేన్ పెరిగింది అక్కడి కలప పనివారి ఊళ్లలో. గళ్ల ఫ్లానెల్ చొక్కా అక్కడ పనిబట్ట, పాతబట్టల దుకాణంలో చవకగా దొరికే సరుకు. అందరూ వేసుకునేదే వేదిక మీదికి తీసుకురావడం కూడా ఒక ఎంపికే. డిజైనరు మార్క్ జేకబ్స్ 1992లో అదే తీరును ఖరీదైన బట్టల్లో దించి పెర్రీ ఎలిస్ కంపెనీ తరఫున ప్రదర్శించాడు, ఆ తరువాత ఉద్యోగం పోగొట్టుకున్నాడు.

న్యూయార్క్‌లోని క్వీన్స్ ప్రాంతపు ర్యాప్ బృందం రన్ డీఎంసీ, అందరూ వేసుకునేదే వేదిక ఎక్కించే ఈ పని పదేళ్ల ముందే చేసింది. వారి ముందు తరం ర్యాప్ కళాకారులు మేకులు కొట్టిన తోలు దుస్తులతో వేదిక ఎక్కుతుంటే, వీరు తమ వీధిలో కుర్రవాళ్లు తిరిగే టోపీలతో, లేసులు తీసేసిన అడిడాస్ బూట్లతోనే వచ్చారు. 1986లో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో వారు అడిగిన వెంటనే ప్రేక్షకులు తమ బూట్లు విప్పి పైకెత్తి చూపించారు. అది కళ్లారా చూసిన అడిడాస్ కంపెనీ ప్రతినిధి వల్ల వారికి పది లక్షల డాలర్ల స్థాయి ఒప్పందం కుదిరింది. అక్కడ బూటు ముందు నుంచీ వారిదే, డబ్బు తరువాత వచ్చింది. ఇప్పుడు చాలా బృందాల్లో ఈ వరస తలకిందులవడం నాకు బాధ కలిగిస్తుంది.

ప్రశ్న: మేము అయిదుగురం ఇంజనీరింగ్ విద్యార్థులం: ఒక గాయకుడు, ఇద్దరు గిటారు, ఒకరు కీబోర్డు, ఒకరు డ్రమ్స్. జానపదాలూ సినిమా పాటలూ పాడతాం. అందరం ఒకే రంగు చొక్కాలు వేసుకుందామంటే పెళ్లి బ్యాండులా ఉంటుందని మా డ్రమ్మరు ఒప్పుకోవడం లేదు. ఏం చేయాలి? (ఒక పాఠకుడు, కాకినాడ)

జవాబు: ముందుగా మీ డ్రమ్మరుకు ఒక మాట చెప్పండి. మన పెళ్లి ఊరేగింపుల్లో బ్యాండు మేళం వారు వేసుకునే ఎర్రకోటు, భుజాల మీది జరీ కుచ్చులు బ్రిటిష్ మిలిటరీ బ్యాండు నుంచి వచ్చినవే. పైన చెప్పిన 1967 నాటి బీటిల్స్ శాటిన్ దుస్తుల మూలమూ అదే. ఎండలో నడుస్తూ, ఊపిరి బిగబట్టి వాయిస్తూ, ఆ కోటును హుందాగా మోసే ఆ కళాకారులతో పోల్చడం ఎవరికీ తక్కువ కాదు.

ఇక మీ బట్టల సంగతి. తీరు ఒకటే పెట్టుకుని, రంగు ఎవరిది వారు ఎంచుకోండి; అయితే అయిదు రంగులూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాకే కొనండి. వెనక తెర నల్లదైతే నల్లచొక్కా అందులో కలిసిపోయి తలా చేతులూ మాత్రమే కనిపిస్తాయి, తెల్లటి దీపాల కింద తెల్లచొక్కా కళ్లు మిరుమిట్లు గొలుపుతుంది. కాకినాడ ఉక్కలో పాలిస్టర్ జోలికి పోవద్దు. మంగళగిరి నేత నూలుబట్ట, వీలైతే పొందూరు ఖద్దరు, మీ పాటలకూ ఒంటికీ రెండింటికీ సరిపోతాయి. గిటారు వాయించే ఇద్దరూ పెద్ద బకిల్ ఉన్న బెల్టు మానుకోవాలి, అది గిటారు వెనక భాగాన్ని గీకేస్తుంది. డ్రమ్మరుకు చంక దగ్గర బిగువు అసలు పనికిరాదు. మన పాతకాలపు లాల్చీకి చంక కింద చిన్న చదరపు గుడ్డముక్క వేసి కుడతారు కదా, చేయి పైకెత్తినా బట్ట పైకి లాగకపోవడానికి కారణం అదే. మీ అయిదు చొక్కాలకూ అలాగే వేయమని దర్జీని అడగండి. కుట్టాక అవే బట్టలతో ఒక రిహార్సల్ పూర్తిగా చేసి, ఒక స్నేహితుణ్ని హాలు చివరి వరుసలో నిలబెట్టి ఫొటో తీయించుకోండి. నూలుబట్టను మాత్రం కత్తెర పెట్టకముందే ఒకసారి నీళ్లలో తడిపి ఆరేయడం మరవకండి, లేకపోతే మొదటి ఉతుకులోనే చేతులు పొట్టివవుతాయి.