సరిహద్దులో గేటు లేకపోయినా పాస్‌పోర్టు ఒంటిమీదే ఉండాలి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

సెమిస్టర్ సెలవుల్లో నువ్వూ, నీతో చదువుకునే మరో ముగ్గురు ఆడపిల్లలూ కలిసి పారిస్, బార్సిలోనా, రోమ్ చూసుకుని, ఆస్ట్రియా మీదుగా జర్మనీకి తిరిగి రావాలనుకుంటున్నారని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఎక్కడ ఏం చూడాలో, ఏం తినాలో మీకే నాకన్నా బాగా తెలుసు కనుక ఆ జోలికి నేను పోను. గుర్తింపు పత్రాల గురించీ, దారిలో తీసుకోవలసిన జాగ్రత్తల గురించీ మాత్రం, చాలా ఏళ్లుగా ఈ దేశాల్లో తిరుగుతున్నవాడిగా, కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఐరోపాలో సరిహద్దు తనిఖీలు లేకుండా ఒక దేశం నుంచి మరో దేశానికి వెళ్లనిచ్చే షెంగెన్ ఒప్పందంలో ఇప్పుడు 29 దేశాలున్నాయి. వాటి మధ్య గేట్లు లేవు కాబట్టి పాస్‌పోర్టుతో పనిలేదని మన పిల్లల్లో చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. జర్మనీ ఇచ్చిన రెసిడెన్స్ పర్మిట్‌తో మీరు మిగతా షెంగెన్ దేశాల్లో ఏ 180 రోజుల్లోనైనా 90 రోజుల వరకు తిరగవచ్చు. అయితే ఆ కార్డుతో పాటు గడువున్న పాస్‌పోర్టు కూడా చేతిలో ఉంటేనే ఆ హక్కు చెల్లుతుంది. పైగా జర్మనీ 2024 సెప్టెంబరు 16 నుంచి తన భూసరిహద్దులన్నింటిలోనూ తనిఖీలు మొదలుపెట్టి, వాటి గడువును పొడిగిస్తూ వచ్చింది. ఆస్ట్రియా నుంచి మ్యూనిక్ వైపు వచ్చే రైళ్లలోనూ బస్సులలోనూ పోలీసులు ఎక్కి, ఒక్కొక్కరి పత్రాలూ చూడడం మామూలే. ఆ సమయంలో ఫోన్‌లో ఉన్న పాస్‌పోర్టు ఫోటో గానీ, యూనివర్సిటీ కార్డు గానీ, మన ఆధార్ కార్డు గానీ ఎందుకూ పనికిరావు.

ఇక పత్రాలను ఎలా పెట్టుకోవాలన్నది అసలు విషయం. మనవాళ్లు నలుగురు కలిసి ప్రయాణం చేస్తే, వారిలో కాస్త జాగ్రత్తగల మనిషి చేతికి అందరి పాస్‌పోర్టులూ ఇచ్చి నిశ్చింతగా కూర్చోవడం మనకు అలవాటు. తిరుపతి యాత్రలో టికెట్లన్నీ పెద్దాయన సంచిలో ఉన్నట్టు అన్నమాట. ఇక్కడ ఆ పద్ధతి ససేమిరా వద్దు. ఆ ఒక్క సంచి పోతే నలుగురి ప్రయాణమూ అక్కడితో ఆగిపోతుంది. అంతేకాదు, మీరు నలుగురూ జనంలో విడిపోయిన క్షణంలోనే మీలో ఒకరిని పోలీసులు అడిగితే, ఆ పిల్ల చేతిలో చూపడానికి ఏమీ ఉండదు. ఎవరి పాస్‌పోర్టు వారి ఒంటిమీదే, బట్టల లోపల నడుముకు కట్టుకునే పలుచని సంచిలో ఉండాలి. రెసిడెన్స్ కార్డు మాత్రం దానితో కలపకుండా, జిప్పు ఉన్న లోపలి జేబులో విడిగా ఉంచుకో. రెండూ నీ దగ్గరే ఉండాలి, కానీ ఒకే దొంగ చేతికి రెండూ చిక్కకూడదు. పాస్‌పోర్టు మొదటి పేజీనీ, చివరి పేజీనీ, రెసిడెన్స్ కార్డు రెండు వైపులనూ జిరాక్స్ తీయించి సూట్‌కేసులో ఒక సెట్టు పెట్టు. స్కాన్ చేసి నీ ఈమెయిల్‌కు ఒకటి, నాకు ఒకటి పంపు. కార్డు అసలుదే వెంట ఉంచుకోవడంలో ఒక లాభం కూడా ఉంది: ఐరోపా సమాఖ్య దేశాల్లో నివాసముండే 26 ఏళ్ల లోపువారికి పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ప్రవేశం ఉచితం. ఆ నివాసానికి రుజువు ఈ కార్డే.

టికెట్ల మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. మనకు ఇంటిపేరు ఒకచోట ముందూ, ఒకచోట వెనకా, మరోచోట ఒక్క అక్షరంగానూ ఉంటుంది కనుక, బుక్ చేసేటప్పుడు పాస్‌పోర్టు తెరిచి ఎదురుగా పెట్టుకుని, సర్‌నేమ్ గడిలో ఏముందో అదే రాయండి. వాడుకలో ఉన్న పేరు రాయడం కౌంటర్ దగ్గర అనవసరమైన వాదనకు దారి తీస్తుంది.

మీలో ఒక అమ్మాయికి ఇంకా కార్డు రాలేదనీ, విదేశీయుల నివాస అనుమతులు చూసే ఫారినర్స్ ఆఫీసు, దరఖాస్తు తేలేవరకు తాత్కాలికంగా ఇచ్చిన ఫిక్షన్ పత్రం మాత్రమే ఉందనీ విన్నాను. ఆ పత్రంలో ఏ గడికి టిక్ పెట్టారో ముందుగా చూడమని చెప్పు. జర్మనీ నివాస చట్టంలోని 81వ సెక్షన్ 4వ పేరాకు టిక్ ఉంటే, గడువు తీరిన వీసా లేదా కార్డూ, పాస్‌పోర్టూ కలిపి పట్టుకుని దేశం దాటి తిరిగి రావచ్చు. 3వ పేరాకు టిక్ ఉంటే, జర్మనీ దాటి తిరిగి రావడానికి ఆ కాగితం చాలదు. రెండో సందర్భంలో ఆ అమ్మాయి ఆగిపోవడమే మంచిది. మీకు బాధగా ఉంటుంది, నిజమే. కానీ స్నేహం కోసం ఆమె చదువునే చిక్కులో పెట్టకండి.

నగరాల్లో తిరిగేటప్పుడు కూడా పోలీసులు అడగవచ్చు. నెదర్లాండ్స్‌లో 14 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరూ, అడిగినప్పుడు అసలు గుర్తింపు పత్రం చూపాలి, జిరాక్స్ చెల్లదు. ఫ్రాన్స్‌లో నువ్వెవరో తేలకపోతే నాలుగు గంటల వరకు స్టేషన్‌లో కూర్చోబెట్టే అధికారం పోలీసులకుంది. ఇటలీలో విదేశీయులు సరైన కారణం లేకుండా పత్రాలు చూపకపోవడం నేరం. బస్సులో యాభై మంది ఉంటే ముందుగా మన రంగువాళ్లనే ఎందుకు అడుగుతారని నీకు కోపం రావచ్చు. ఆ కోపంలో న్యాయముందని నేనూ ఒప్పుకుంటాను. అయినా అర్ధరాత్రి సరిహద్దు దగ్గర నిలబెట్టిన బస్సు ఆ వాదనకు చోటు కాదు. పాస్‌పోర్టును కవరులోంచి తీసి, మధ్యలో నోట్లూ రసీదులూ ఏమీ లేకుండా చేతికిచ్చి, అడిగినదానికి మాత్రమే నెమ్మదిగా జవాబు చెప్పు. అధికారి మర్యాద తప్పితే సమయమూ, చోటూ, రైలు నంబరూ రాసి ఉంచుకో; ఫిర్యాదు తరువాత చేయవచ్చు.

జేబుదొంగల విషయంలో యూరప్‌ను తక్కువగా అంచనా వేయకు. వాళ్లు కత్తి చూపించరు, గదమాయించరు. నీ దృష్టిని ఒక్క క్షణం మరల్చడమే వాళ్ల పనితనం. పారిస్ మెట్రోలో తలుపు పక్క సీటులో కూర్చుని ఫోన్ చూసుకుంటున్న మనిషిని ప్లాట్‌ఫాం మీదివాడు గమనిస్తూ ఉంటాడు. తలుపులు మూసుకునే ముందు వచ్చే మోత వినిపించగానే చెయ్యి లోపలికి పెట్టి, ఫోన్ లాక్కుని పారిపోతాడు. అప్పటికి తలుపు మూసుకుంటుంది, రైలు కదులుతుంది, నువ్వు అద్దంలోంచి చూస్తూ ఉండిపోతావు. మాంమార్త్ర్ కొండ మీద శాక్రెకర్ చర్చి మెట్ల దగ్గర కొందరు నవ్వుతూ ఎదురొచ్చి, వేలికి రంగు దారం చుట్టి అక్కడికక్కడే అల్లడం మొదలుపెడతారు. ఆ చెయ్యి వాళ్ల పట్టులో ఉన్నంతసేపూ నీ సంచి నీది కాదు. చేతులు జేబులో పెట్టుకుని, ఆగకుండా, జవాబివ్వకుండా నడిచి వెళ్లిపో. మన పెంపకంలో అది అమర్యాదగా అనిపిస్తుంది, అయినా ఫరవాలేదు. సంతకాలు పెట్టమని అట్టలు పట్టుకుని చుట్టుముట్టే అమ్మాయిలూ, బార్సిలోనాలో నీ భుజం మీద ఏదో మరక పడిందని తుడవడానికి వచ్చేవాళ్లూ, రోమ్‌లో వాటికన్ వైపు వెళ్లే 64వ నంబరు బస్సులో అకారణంగా ఒరిగేవాళ్లూ అందరూ ఆ కోవకే చెందుతారు.

వీటన్నింటికన్నా నేను ఎక్కువగా భయపడేది దొంగ పోలీసుల గురించి. మామూలు బట్టల్లో ఇద్దరు వచ్చి, ఏదో కార్డు మెరుపులా చూపించి, నకిలీ నోట్లు తిరుగుతున్నాయనో, మాదకద్రవ్యాల తనిఖీ అనో చెప్పి పర్సు చూపించమంటారు. గుర్తింపు పత్రం అడగడం పోలీసు పని. నీ పర్సులోని డబ్బు లెక్కపెట్టడం కాదు. అనుమానం వస్తే దేన్నీ చేతికివ్వకుండా, జనం ఉన్న దుకాణంలోకి నడిచి, స్టేషన్‌కు వెళ్దామని చెప్పి 112కు ఫోన్ చెయ్యి. ఐరోపా సమాఖ్య దేశాలన్నింటిలోనూ ఆ నంబరు ఉచితంగా పనిచేస్తుంది. నిజమైన పోలీసు అందుకు అభ్యంతరం చెప్పడు.

రాత్రి బస్సుల్లో కింది డిక్కీలోకి వెళ్లే పెట్టెలో పత్రాలు ఉంచకండి. హాస్టల్ కౌంటర్లో పాస్‌పోర్టు చూసి వివరాలు రాసుకోవడం మామూలే. తెల్లవారేవరకు తమ దగ్గరే ఉంచుతామంటే ఒప్పుకోవద్దు. లాకర్‌కు మీ తాళం మీరే తీసుకెళ్లండి.

ఇన్ని చేసినా పోతే పోవచ్చు. పాస్‌పోర్టు పోయిన ఊళ్లోనే, అదే రోజు పోలీస్ స్టేషన్‌కు వెళ్లి ఫిర్యాదు రాయించి, దాని ప్రతి తీసుకో. అది లేకుండా తరువాతి అడుగు ఏదీ పడదు. ఆ తరువాత ఆ దేశంలోని మన ఎంబసీకి తెలియజెయ్యి. ఎంబసీవారు ఇచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇండియాకు తిరిగి వెళ్లడానికి మాత్రమే పనికొస్తుందని గుర్తుంచుకుని, నీ నివాసం జర్మనీలో ఉందనీ, రెసిడెన్స్ కార్డు భద్రంగా ఉందనీ ముందే చెప్పి, ఏం చేయాలో అడుగు. కార్డును విడిగా ఉంచమని నేను పోరుపెట్టేది ఇందుకే. పోయిందని నమోదు చేసి రద్దయిన పాస్‌పోర్టు మరుసటి వారం దొరికినా, దానితో ప్రయాణం చేయకూడదు. బ్యాంకు కార్డు పోతే, జర్మన్ బ్యాంకుదైతే 116 116కు, ఇతర దేశాల నుంచి ముందు +49 చేర్చి, ఫోన్ చేసి వెంటనే ఆపించు.

వచ్చే వేసవిలో మీ అమ్మానాన్నలు వస్తే వాళ్ల వీసా మీద ఎంట్రీల సంఖ్య ముందు చూడు. ఒక్క ఎంట్రీయే ఉంటే మధ్యలో లండన్ వెళ్లినా, క్రొయేషియాలోని దుబ్రోవ్నిక్ నుంచి ఒక్కరోజు కోసం బోస్నియాలోని మోస్తార్ వంతెన చూడబోయినా షెంగెన్ దాటినట్టే. మళ్లీ లోపలికి రానివ్వరు. స్విట్జర్లాండ్ వెళ్తే ఆ ఇబ్బంది లేదు, అది షెంగెన్‌లోనిదే.

బయలుదేరే ముందు మీ రైళ్ల, బస్సుల నంబర్లూ, బస చేసే చోట్ల చిరునామాలూ, మిగతా ముగ్గురి ఇళ్ల ఫోన్ నంబర్లూ నాకు రాసి పంపించు. రోజూ పడుకునే ముందు ఏ ఊళ్లో ఉన్నారో ఒక్క మెసేజి పెడితే చాలు, ఫోటోలు తీరిగ్గా పంపవచ్చు.

ఇట్లు,
మీ పెదనాన్న